అడవి నీ ఫీజు కడుతుందా?

ముందు టాయిలెట్ల సంగతి చెప్పేస్తా. వెళ్ళొచ్చాక హాస్టల్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న అదే మరి. అవును, ఫ్లష్ లేదు. పని అయ్యాక గుప్పెడు రంపపు పొట్టు వేసి మూత పెట్టాలి, అంతే. కంపు రాదు, నమ్మకపోతే మీ ఇష్టం. అందులో పడిందంతా నెలల తరబడి మగ్గి, ఎరువై చెట్ల పాదుల్లోకి పోతుంది. చేతులు కడుక్కోవడానికి కుళాయి కూడా లేదు. అడుగున చిన్న చిల్లు పెట్టిన గ్లాసు ఒకటి వేలాడుతుంటుంది. అందులో నీళ్ళు పోస్తే సన్నటి ధార వస్తుంది, అది ఆగేలోపు సబ్బు, కడగడం అన్నీ అయిపోవాలి. మొదటి రోజు నాకు మూడు గ్లాసులు పట్టాయి. నాలుగో రోజుకి ఒక్క గ్లాసులోనే కొంచెం మిగిలింది.

డిసెంబర్‌లో సెమ్ అయిపోయాక ఇంటికెళ్ళి ఫోన్ చూస్తూ పడుకుందామనుకున్నా. చెన్నైలో ఉండే మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, అప్పుడే ఒక ఉద్యోగం మానేసింది, ఇంకో దాంట్లో చేరడానికి నెల టైముంది. "రెండు వారాలు అడవిలో ఉందాం వస్తావా?" అంది. రిసార్ట్ అనుకుని సరే అన్నా. బస్సు దిగాక చూస్తే సరుగుడు కర్రలు, తాటాకు, కొబ్బరి తాడుతో కట్టిన గుడిసెలు. పొద్దున్నే లేచి పలుగూ పారా పట్టుకోవాలి. పాలు లేవు, పెరుగు లేదు, మొత్తం వీగన్. పెరుగన్నం లేకుండా పద్నాలుగు రోజులు ఉన్నానంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

ఆ చోటు పేరు సాధనా ఫారెస్ట్. పుదుచ్చేరి పక్కనే ఆరోవిల్‌లో ఉంది. 2003 డిసెంబర్ 17న అవిరామ్, యోరిత్ రోజిన్ అనే ఇజ్రాయెల్ దంపతులు 70 ఎకరాల బీడు నేల మీద మొదలుపెట్టారు. వాలంటీర్లు వస్తారు, పని చేస్తారు, తింటారు, పోతారు. ఎక్కువమంది విదేశాల వాళ్ళే. చెట్లు నాటడానికి విమానమెక్కి రావడం ఏంటో అని నాకు ఒకటి రెండు సార్లు అనిపించింది. అక్కతో అంటే, "నువ్వు హైదరాబాద్ నుంచి ఏసీ బస్సులో వచ్చావ్, గుంత తవ్వు" అంది.

అక్కడికి వెళ్ళేముందు నాకు ఆరోవిల్ అంటే ఇన్‌స్టాలో కనిపించే ఆ బంగారు గోళం, మాతృమందిర్, అంతే తెలుసు. అసలు కథ మట్టిది. 1968 ఫిబ్రవరి 28న ఆ ఊరు మొదలైనప్పటి ఫోటోలు చూశా. ఎర్ర నేల, అక్కడక్కడా తాటిచెట్లు, మధ్యలో ఒక మర్రిచెట్టు. అంతకుముందు ఎప్పుడో అక్కడ అడవి ఉండేది. కలప కోసం, వంటచెరకు కోసం, పొలాల కోసం నరుక్కుంటూ పోయారు. మిగిలిన చిగుళ్ళు మేకలు తినేశాయి. ఆ తీరంలో వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపు, కొన్ని రోజుల్లోనే కుమ్మరించి పోతాయి. నేల మీద ఆకు లేదు, గడ్డి లేదు. నీళ్ళు లోపలికి దిగకుండా పైమట్టిని తోసుకుంటూ సముద్రంలో కలిసేవి. వాన పడ్డ రోజు తీరం దగ్గర బంగాళాఖాతం ఎర్రగా ఉండేదట. నేలంతా మనిషి నిలబడితే కనిపించనంత లోతు గండ్లు పడ్డాయి. అలాంటి ఒక గండి ఇప్పటికీ ఉంది, దిగి చూశా. ఎర్ర గోడల మధ్య నిలబడితే, ఒక్కో వానా ఎంత మట్టి తీసుకుపోయిందో లెక్కపెట్టబుద్ధవుతుంది.

ఈ నేల ఇలా ఎందుకైందో పక్కనున్న ఇరుంబై ఊళ్ళో ఒక కథ చెప్తారు. నర్సరీలో పనిచేసే ఒక తమిళ అన్న సగం తమిళం, సగం ఇంగ్లీషులో చెప్పాడు. కడువెళి సిద్ధర్ అనే ఆయన రావిచెట్టు కింద తపస్సులో కూర్చున్నాడు. ఆయన తపస్సు వేడికి వానలు ఆగిపోయాయి. కదిలించడానికి రాజుకి ధైర్యం చాల్లేదు. ఆ సిద్ధుడు చేతిలో రాలిన రావి ఆకులే తింటాడని గమనించి, వల్లి అనే దేవదాసి ఆకుల బదులు అప్పడం పెట్టింది. కరకరలాడింది. రోజూ కొంచెం కొంచెంగా రుచి మరిగి కళ్ళు తెరిచాడు, వాన పడింది. తర్వాత గుడి ఉత్సవంలో వల్లి నాట్యం చేస్తుంటే కాలి అందె జారిపోయింది, సిద్ధుడు తీసి ఆమె కాలికి తొడిగాడు. జనం నవ్వారు. ఆయనకి కోపం వచ్చింది, గుళ్ళో శివలింగం మూడు ముక్కలైంది, ముక్కలు పడ్డ చోట పచ్చగడ్డి మొలవదని శాపం. కాళ్ళమీద పడితే, ఎప్పుడో దూరదేశాల వాళ్ళొచ్చి మళ్ళీ పచ్చగా చేస్తారన్నాడట. తపస్సుని అప్పడం చెడగొట్టిందన్న పాయింట్ నాకు భలే నచ్చింది. మన వైపైతే గోంగూర అయ్యుండేది.

శాపం సంగతేమో కానీ, పని మాత్రం చాలా మెల్లగా జరిగింది. మొదట వచ్చినవాళ్ళు చెట్లు నాటితే ఎండకి చచ్చిపోయాయి. అప్పుడు గట్లు వేయడం మొదలుపెట్టారు. పడ్డ చినుకు పడ్డ చోటే ఆగాలి, ఇదే వాళ్ళ మొత్తం థియరీ. వాలుకి అడ్డంగా మట్టి గట్టు, దాని వెనక నీళ్ళు నిలిచి మెల్లగా దిగుతాయి. ఆ తర్వాత ఏదైనా సరే బతికితే చాలన్నట్టు ఆస్ట్రేలియా జాతి తుమ్మలు పెంచారు. అవి త్వరగా పెరిగి, నీడనిచ్చి, ఆకు రాల్చి మట్టిని కాస్త మట్టిలా చేస్తాయి. ఆ నీడలో అసలు ఇక్కడ పుట్టిన చెట్లని నాటారు. పక్క ఊళ్ళ తమిళ కూలీలు లేకపోతే ఇందులో ఏదీ అయ్యేది కాదు. ఫోటోల కింద వాళ్ళ పేర్లు మాత్రం చాలా తక్కువ కనిపించాయి.

2011 డిసెంబర్ 30న థానే తుఫాను సరిగ్గా ఈ తీరం మీదే దాటింది. తెల్లారి చూస్తే బాగా పడిపోయినవి ఆ తొందరగా పెరిగిన తుమ్మలు. స్థానిక జాతులు చాలావరకు నిలబడ్డాయి. ఈ సంగతి చెప్పినాయన ముఖంలో బాధ కంటే, "చూశావా" అన్న భావం ఎక్కువుంది.

మా పని సింపుల్. డిసెంబర్ కాబట్టి నేలలో ఇంకా తడి ఉంది. గుంత తీయడం, ఎరువు కలపడం, మొక్క పెట్టడం, చుట్టూ ఎండుటాకులు కప్పడం. ఎండాకాలం కోసం ఒక చిట్కా ఉంది. పాత వాటర్ బాటిల్‌కి చిల్లు పెట్టి, అందులోంచి ఒక నూలు వత్తి వేసి, మొక్క వేరు దగ్గర పాతిపెడతారు. వత్తి గుండా చుక్క చుక్కగా తడి వేరుకి అందుతుంది, ఆవిరైపోదు. వత్తి చేయడం నాకు ఇట్టే వచ్చేసింది. కార్తీక మాసంలో అమ్మకి ఎన్ని వత్తులు చేసిచ్చానో! ఒక ఫ్రెంచ్ అమ్మాయి నా చేతుల వంకే చూస్తూ ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. దీపం, కార్తీకం, శివుడు అని మొదలుపెట్టి మధ్యలో ఇంగ్లీషు చాలక వదిలేశా. స్కూలంతా ఇంగ్లీషు మీడియమే చదివా, అయినా.

రోజుకి నేను పెట్టినవి పదో పన్నెండో. చేతులు బొబ్బలెక్కాయి. ఒక్కో మొక్కకీ విత్తనం ఏరడం, నర్సరీలో పెంచడం, గుంత, ఎరువు, వత్తి, ఎండాకాలమంతా నీళ్ళు. అది బతికి నా ఎత్తు పెరగడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

అయిదో రోజు నర్సరీలో మొక్కల పక్కన పేర్ల చీటీలు చూస్తున్నా. ఒకటి తమిళం, ఒకటి లాటిన్. మనిల్కారా హెక్సాండ్రా. మెమిసైలాన్ అంబెల్లేటమ్. అటలాంటియా మోనోఫిల్లా. ఇవేవో అమెజాన్ చెట్లనుకున్నా. ఆకులు మాత్రం ఎక్కడో చూసినట్టున్నాయి, చిన్నవి, మందంగా, నూనె రాసినట్టు మెరుస్తూ. ఆ సాయంత్రం అమ్మమ్మకి వీడియో కాల్ చేశా. అమ్మమ్మది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. కెమెరా తిప్పి ఆకు చూపించా. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

"పాల చెట్టు నాయనా. పాల పండ్లు తినలా నువ్వు? మన చెరువు కట్ట కింద ఉండాయి గదా."

రెండోది చూపించా. "అల్లి." మూడోది? "అడివి నిమ్మ. ముల్లుంటది, సూడు." అమ్మమ్మ చిన్నప్పుడు యానాదులు బుట్టల్లో పాల పండ్లు తెచ్చి అమ్మేవాళ్ళట. ఎక్కువ తింటే పెదాలు జిగురుగా అంటుకుపోతాయని చెప్పి నవ్వింది.

ఆ రాత్రి సోలార్ లైటు కింద కూర్చుని తెలుసుకున్నదేమంటే, ఈ అడవి రకానికి ఉష్ణమండల శుష్క సతతహరిత అరణ్యం అని పేరు. మన తెలుగు టెక్స్ట్‌బుక్ పదాలన్నీ కలిపినట్టుంటుంది కానీ విషయం తేలిక. వాన తక్కువ, ఎండ ఎక్కువ, అయినా ఆకు రాల్చదు. చెట్లు పొట్టిగా, దట్టంగా ఉంటాయి. తమిళనాడు తీరం నుంచి మన నెల్లూరు వైపు దాకా సన్నటి పట్టీలా ఉండేది. ఇప్పుడు ముక్కలే మిగిలాయి. ఆ ముక్కల్లో చాలావరకు ఊరి దేవుళ్ళ పేరు మీద వదిలేసిన తోపులు. ఇంకో పెద్ద ముక్క ఎక్కడుందో తెలుసా? శ్రీహరికోటలో. రాకెట్ల కోసం జనాన్ని రానివ్వరు కాబట్టి అడవి బతికింది. మనం లైవ్‌లో కౌంట్‌డౌన్ చూస్తుంటే వెనక పచ్చగా కనిపించేది ఇదే అడవి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కూడా అక్కడక్కడా మిగిలింది. మా చెరువు కట్ట కిందతో సహా.

మర్నాడు మామకి ఫోన్ చేశా, అమ్మ తమ్ముడు. చెరువు కట్ట కింద రెండున్నర ఎకరాలు ఆయనదే. కంప చెట్లు అనుకుని మేమెవ్వరం లోపలికి వెళ్ళేవాళ్ళం కాదు. ఆ నేల గురించి ఉత్సాహంగా చెప్పబోతే మామ మధ్యలోనే అన్నాడు:

"ఆ అడివా? జేసీబీకి చెప్పినా గదబ్బయా. పండగ పోయినాక సాపు చేపిచ్చి సరుగుడు యేస్తా."

నేను ఇక్కడ పెట్టిన గుంతల గురించి చెప్పా. ఒక్కో పాల మొక్కకి ఎంత పనో చెప్పా. అక్కడ అవి ఎవరూ నీళ్ళు పోయకుండా, ఎవరూ విమానమెక్కి రాకుండా నిలబడి ఉన్నాయని చెప్పా. మామ అంతా విన్నాడు, ఆయన ఎప్పుడూ కసురుకోడు. "నువు జెప్పేది బాగుంది. మీ అమ్మ అడిగితే నీ ఫస్టియర్ ఫీజు కట్టింది యెవురు? సరుగుడు అమ్మిన డబ్బులతోనే గదా కట్టింది. ఇంకా రెండేండ్లుండాది గదా. అడివి కడతదా నీ ఫీజు?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు. సరుగుడు నాలుగైదేళ్ళలో కోతకొస్తుంది, పేపర్ మిల్లులు కొంటాయి, నీళ్ళు పెద్దగా అక్కర్లేదు. పాల చెట్టు వందేళ్ళు బతుకుతుంది కానీ మా ఊరి బ్యాంకులో దాని మీద ఎవరూ లోనివ్వరు. ఇది మా మామ తప్పని ఎవరైనా కామెంట్ పెడితే నేనొప్పుకోను. అడవి గురించి మాట్లాడే ప్రతివాళ్ళకీ నెలనెలా జీతమో, నాన్న పంపే డబ్బులో ఉంటాయి. నాతో సహా.

అక్కకి చెప్తే అక్క వేరే విషయం చెప్పింది. ఆరోవిల్‌లోనే ఈ గొడవ ఉందట. అక్కడ మొదటినుంచీ కట్టాలనుకున్నది 50,000 మంది ఉండే నగరం. దానికి గుండ్రటి రోడ్డు ప్లాన్‌లో ఉంది. ఈలోపు ఆ దారిలో చెట్లు పెరిగాయి. 2021 డిసెంబర్‌లో రోడ్డు కోసం జేసీబీలు వచ్చాయి, అక్కడి వాళ్ళలోనే కొందరు అడ్డంగా నిలబడ్డారు, ఇంకొందరు నగరం కావాలన్నారు. 2022లో గ్రీన్ ట్రిబ్యునల్ పనికి బ్రేకులు వేసింది. 2025 మార్చి 17న సుప్రీం కోర్టు ఆ ఆర్డర్ కొట్టేసింది. రికార్డుల్లో అది అడవి కాదు. మనుషులు నాటిన అడవి ఏ కాగితంలో అడవిగా మారుతుంది, ఎన్నేళ్ళకి? పదమూడు రోజుల తర్వాత, ఉగాది రోజున, మన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. మనలో చాలామంది స్టోరీలు పెట్టాం, కొంతమంది యూనివర్సిటీ గేటు దాకా వెళ్ళొచ్చారు. అక్కడా రికార్డు మాటే మొదట వచ్చింది. ఏప్రిల్ 3న అదే సుప్రీం కోర్టు ఆపమంది. రెండు కేసులూ ఒకటి కావు, నేను లా స్టూడెంట్ని కూడా కాదు. నాకు అర్థమైంది ఒక్కటే: నేల మీద ఏముందో ముందు చూసి, తర్వాత కాగితం తెరవాలి. మనవాళ్ళు కాగితం ముందు తెరుస్తారు.

మిగిలిన వారం రోజులూ మామూలుగానే గడిచాయి. ఒక రాత్రి వాన పడింది. పొద్దున వెళ్ళి చూస్తే ప్రతి గట్టు వెనకా నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎర్రగా కాదు, దాదాపు తేటగా. ఎవరూ ఏం మాట్లాడలేదు. అరగంట అలా చూస్తూ నిలబడ్డాం. నీళ్ళు దిగుతుంటే చిన్న చిన్న బుడగలు వస్తాయి, తెలుసా? నాకు అప్పటిదాకా తెలీదు.

సంక్రాంతికి అమ్మమ్మ ఊరెళ్ళా. కనుమ నాడు మామ, నేను ఆ చిట్టడవిలోకి వెళ్ళాం. మామ ముందు కత్తితో కంప నరుకుతూ, నేను వెనక. నాలుగడుగులు వేయగానే చల్లగా అయింది. మామకి ప్రతి చెట్టూ తెలుసు! అల్లి, అడవి నిమ్మ, కలివి, నేరేడు. "దీని మీదినించి పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నా" అని ఒక పాల చెట్టు చూపించాడు. రెండు చేతులు చాపినా అందనంత లావు. నేను ఫోన్లో మ్యాప్ తీసుకుంటూ పెద్ద పాల చెట్లు లెక్కపెట్టా, పదకొండు. ఆయన ఒక్కసారి కూడా నరకనని అనలేదు. సగమైనా ఉంచొచ్చు కదా మామా అంటే, "సూద్దాం" అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అంటే సాధారణంగా లేదనే.

పడమర వైపు చివర్లో, అన్నిటికంటే పెద్ద పాల చెట్టు మొదట్లో ఒక రాయి ఉంది. పసుపు రాసి కుంకుమ పెట్టి ఉంది. రెండు గాజులు, ఆరిపోయిన ప్రమిద. మామ అక్కడే ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు. నేనూ విడిచా.

ఇంటికొచ్చాక అమ్మమ్మని అడిగా. అమ్మమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఆ రాయి ఎప్పట్నుంచి ఉంది అమ్మమ్మా?"

"యెప్పటినించో ఉండాది నాయనా."

"పసుపు కొత్తగా ఉంది."

"పండగ గదా," అంది, తలెత్తకుండా.

ఫిబ్రవరి మొదటి వారంలో జేసీబీ వచ్చింది. మామ ఫోటో పంపాడు. తూర్పు వైపంతా సాపైపోయింది, ఎర్రగా, అచ్చం ఆరోవిల్ పాత ఫోటోల్లా. నా పదకొండులో ఏడు పోయాయి. సరుగుడు నాట్లు వాన చూసుకుని వేస్తారు. పడమర వైపు ముప్పావు ఎకరం అలాగే ఉంది. అక్కడ ఎందుకు ఆపారని డ్రైవర్ అడిగితే, అమ్మవారి చోటు, వద్దన్నానని మామ చెప్పాడట. ఆ మాట ఆయన నాతో అనలేదు, అమ్మ చెప్పింది.

మే నెలలో ఆ నాలుగు చెట్లకీ పండ్లొస్తాయి. పాల గింజ తాజాగా ఉన్నప్పుడే పెట్టాలని, ఎండబెట్టి దాచుకుంటే మొలవడం కష్టమని నర్సరీ అన్న చెప్పాడు. వత్తుల బాటిళ్ళు ఎలా చేయాలో నాకు వచ్చు. సరుగుడు మొక్కల వరసల చివర, గట్టు వెంబడి పెట్టుకుంటే అభ్యంతరం లేదని మామ ఒప్పుకున్నాడు, ట్రాక్టర్ తిరగడానికి చోటు వదలాలన్నది ఒక్కటే కండిషన్. సెమ్ పరీక్షలు అయ్యాక వెళ్తున్నా. రావాలనుకునేవాళ్ళు చెప్పండి, సూళ్ళూరుపేట దాకా ట్రైన్ ఉంది. ఖాళీ బాటిళ్ళు తెచ్చుకోండి. పెరుగన్నం అమ్మమ్మ పెడుతుంది.